ఎవరి బారీ ముందు?

మా ఆపా కొడుక్కి నాయుడుపేటలో నెట్ సెంటర్ ఉంది. బస్టాండు నుంచి నాలుగడుగులు. నాలుగు సిస్టమ్‌లు, ఒక జిరాక్స్ మిషను, అందరికీ కలిపి ఒకే లేజర్ ప్రింటరు. ఏ సిస్టమ్ మీద కూర్చుని ప్రింట్ కొట్టినా కాగితం కౌంటర్ దగ్గరే బయటికొస్తుంది. డబ్బులు అక్కడే తీసుకోవాలి గదా మరి!

మొన్న ఎండాకాలం నేను ఊరికెళ్ళేసరికి ఈఏపీసెట్ హాల్ టికెట్ల రోజులు. షాపు నిండా పిల్లలు, వాళ్ళ వెనక వాళ్ళ అమ్మానాన్నలు. మేనకూరు సెజ్‌లోని ఏదో కంపెనీ నుంచి వచ్చిన సూపర్‌వైజర్ ఒకాయన హాజరు పట్టీలు నలభై కాపీలు అడుగుతున్నాడు. ఇంజనీరింగ్ కుర్రాడొకడు నూట ఎనభై పేజీల ప్రాజెక్టు రిపోర్టు కొట్టాడు. అది సగంలో ఉండగా ఒక పాప వాళ్ళ నాన్నతో పరుగెత్తుకొచ్చింది. తిరుపతి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆ పిల్లకి కావాల్సింది ఒక్క పేజీ.

"మామూ, నువ్వు పేపరాఫీసులో ఇదే పని చేశావు గదా! ఈ పాపది ముందుకు తోయాలంటే ఎట్టా?" అన్నాడు మా వాడు.

నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ పైబడినా వేళ్ళు మర్చిపోలేదు. ప్రింటర్ బొమ్మ మీద నొక్కితే ఖతార్ కనిపిస్తుంది. ఎవరి ఫైలు, ఎన్ని పేజీలు, ఎన్నింటికి కొట్టారు, అంతా ఉంటుంది. కావాల్సిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే ప్రయారిటీ అని ఒక చిన్న మీట, ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా. ఎవరూ ముట్టుకోకపోతే అందరిదీ ఒకటే. కుడి వైపుకి జరిపితే ఆ ఫైలు ఖతార్‌లో పైకెక్కుతుంది. ఉర్దూలో దీన్ని తర్జీహ్ అంటారు. డిగ్రీలో నేను నేర్చుకున్న తెలుగు మాట ప్రాధాన్యం. మా అమ్మీ దఖ్ఖనీలో అయితే ఇంకా సులువు: బారీ. "బారీ ఆయే తో లేనా" అనేది కుళాయి దగ్గర. నీ వంతు వచ్చినప్పుడే పట్టుకో, బిందె ముందుకి తోయకు అని.

కానీ ఆ పాప విషయంలో తొంభై తొమ్మిది పెట్టినా ఫాయిదా లేదు. ప్రింటర్ నోట్లోకి వెళ్ళిపోయిన ఫైలుని ఏ తర్జీహ్ ఆపలేదు. మీట జరిపితే తర్వాత ఎవరన్నది మారుతుందే గానీ ఇప్పుడు నడుస్తున్నది ఆగదు. అందుకని ప్రాజెక్టు కుర్రాడి ఫైలు క్యాన్సిల్ కొట్టి, పాప పేజీ తీసి, ఆ తర్వాత అతనిది ఆగిన పేజీ నుంచి మళ్ళీ ఇమ్మన్నాను. పాప బస్సెక్కింది. కుర్రాడు మాత్రం "అన్నా, నేను గదా ముందొచ్చింది" అన్నాడు. గుస్సాగా కాదు, మామూలుగానే. వాడు చెప్పింది కూడా నిజమే.

మావాడు అప్పుడే అడిగాడు, "మామూ, దీనికి పక్కాగా ఒక పద్ధతి పెట్టగూడదా? నువ్వు పెట్టిపో."

పెడతానని వెంటనే అనలేకపోయాను. పద్ధతి పెట్టడం నాకు చేతగాక కాదు. ఒకసారి పెట్టాను. చాలా పక్కాగా పెట్టాను.

* * *

2002లో నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్ డెస్కులో కొత్తగా చేరాను. ఉర్దూ మీడియం బడి, ఆ తర్వాత బి.ఏ. తెలుగు. నా సర్టిఫికెట్లు చూసి ఇంటర్వ్యూలో నవ్వారు. నమ్మలేక నవ్వారో, ముచ్చటపడి నవ్వారో ఇప్పటికీ తెలియదు. డెస్కు మొత్తంలో నేనొక్కణ్ణే మనవాణ్ణి. ఆ మాట ఎవరూ అనలేదు. నాకే రోజుకి పదిసార్లు గుర్తొచ్చేది.

ఆ రోజుల్లో వార్త పేజీలోకి వెళ్ళే దారంతా కాగితం మీదే. రిపోర్టర్ రాసింది ఆపరేటర్ టైపు కొడతాడు. దాని ప్రూఫ్ తీస్తారు. ప్రూఫ్ రీడర్ ఎర్ర పెన్నుతో దిద్దుతాడు. దిద్దింది మళ్ళీ కొడతారు. పేజీ కట్టాక మొత్తం పేజీని పెద్ద కాగితం మీద ఇంకో ప్రింటు తీస్తారు. ఎడిటర్ సంతకం పడ్డాకే బటర్ పేపర్ మీదికి, అక్కణ్ణించి ప్లేటుకి. డజను సిస్టమ్‌లకీ దిక్కు ఒకటే లేజర్ ప్రింటర్. సాయంత్రం ఏడు దాటితే దాని ముందు రేషన్ షాపు ముందున్నట్టుండేది. ఆపరేటర్లు ఒకరి కాగితం ఇంకొకరు పట్టుకుపోయేవాళ్ళు. "నాది ఏదీ?" అని అరుపులు. రానిదాన్ని మళ్ళీ మళ్ళీ కొట్టేవాళ్ళు. ఒకే ప్రూఫ్ అయిదుసార్లు వచ్చి, రావాల్సిన పేజీ ఆగిపోయేది.

కంప్యూటర్ల గురించి నేను కాస్త చదివేవాణ్ణి. ఖాలీ టైంలో సర్వర్ దగ్గర కూర్చుని ఈ స్పూలర్ సంగతి తెలుసుకున్నాను. స్పూల్ అంటే దారం చుట్టే కండె. వెంకటగిరి మగ్గాల ఊళ్ళకి దగ్గరలో పుట్టినవాణ్ణి, కండె అంటే నాకు ఒకరు చెప్పాలా? పన్నెండు మంది పన్నెండు దారాలు ఒకేసారి విసిరినా, ఆయన అన్నీ తన దగ్గర చుట్టిపెట్టుకుని ఒక్కొక్కటిగా వదులుతాడు. ఏది ముందు వదలాలో మనం చెప్పుకోవచ్చు. అసలు తమాషా ఏమిటంటే ఉన్నది ఒకటే ప్రింటరైనా సిస్టమ్‌లో దానికి రెండు మూడు పేర్లు పెట్టొచ్చు. ఒక్కో పేరుకి ఒక్కో తర్జీహ్. ఎవరికి ఏ పేరు కనిపించాలో కూడా మన చేతుల్లోనే ఉంటుంది.

మూడు పేర్లు పెట్టాను. యాడ్స్, మెయిన్ పేజీ: 99. జిల్లా వార్తలు: 50. మూడోది 1. ఉచితంగా వేసే చిన్న చిన్న ప్రకటనలు, సంతాపాలు, "నేడు" కాలమ్, తప్పిపోయినవాళ్ళ ఫొటోలు, ఇవన్నీ అందులోకి. పక్కవాళ్ళ ఫైళ్ళు ఎవరూ కదపకుండా హక్కులు తీసేసి నా దగ్గరా, ఇన్‌ఛార్జి దగ్గరా మాత్రమే ఉంచాను. వారంలో డెస్కు మీద అరుపులు తగ్గాయి. ఇన్‌ఛార్జి భుజం తట్టాడు. నాకు అదొక నిఖా పెళ్ళికొడుకు హోదా.

మూడో వారంలో సీనియర్ ఒకాయన తన బావమరిది షాపు ప్రారంభోత్సవం వార్త ముందుకి తోయమన్నాడు. "రూలు రూలే సార్" అన్నాను. అన్నందుకు చాలా గర్వపడ్డాను.

దూరంగా పోవాల్సినవాటికి పేపర్ పనిలో ఇంకో తర్జీహ్ ఉంది. దూరపు ఊళ్ళకి వెళ్ళే కాపీలు ముందు అచ్చేస్తారు, ప్రెస్సు ఉన్న ఊరి కాపీలు ఆఖర్న. వార్త పెద్దదా చిన్నదా అని కాదు, బండి ఎంత దూరం పోవాలన్నదే లెక్క. జిల్లా దక్షిణం కొసన ఉన్న మా నాయుడుపేట, సూళ్ళూరుపేట కట్టలు ముందు కట్టేవాళ్ళు. అంటే మా ఊరి వార్తకి టైం అందరికన్నా తక్కువ. పదిన్నర దాటితే మా పేజీ తలుపు మూసినట్టే.

ఆ ఎండాకాలంలోనే మా ఉస్తాద్ ఇంతెకాల్ అయ్యారు. నాకు అలిఫ్ బే దిద్దించినవారు. మట్టి ఎప్పుడిచ్చారన్నది నాకు ఆలస్యంగా తెలిసింది, వెళ్ళలేకపోయాను. మర్నాడు వాళ్ళబ్బాయి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. ఎల్లుండి జియారత్. అబ్బా దగ్గర చదువుకున్నవాళ్ళు గూడూరు, వెంకటగిరి, సూళ్ళూరుపేట, తడ దాకా ఉన్నారు, అందరికీ కబురు పెట్టే దారి లేదు. "నువ్వు పేపర్లో ఉన్నావు గదా భాయ్, ఒక నాలుగు లైన్లు వేయించు. తెలుగులో అయితే అందరూ చూస్తారు" అన్నాడు.

నాలుగు లైన్లే. నేనే రాశాను, నేనే టైపు కొట్టించాను. తొమ్మిదింబావుకి మూడో ఖతార్‌లోకి పంపించాను. నేను పెట్టిన రూలు ప్రకారం దాని చోటు అదే.

ఆ రాత్రి టెన్త్ రిజల్ట్స్. ఆ రోజుల్లో పాసైన పిల్లల నంబర్లు పేపర్లోనే అచ్చేసేవాళ్ళని నా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పేజీలకు పేజీలు చీమల బారుల్లాగా అంకెలు. ఒక్క అంకె తప్పినా ఇంట్లో ఏడుపులు. అందుకని ప్రతి పేజీకీ రెండేసి ప్రూఫులు. అన్నీ 99లోకే. వాటి సందుల్లో 50వి. నా నాలుగు లైన్లు అడుగున ఉన్నాయి. పైన ఒకటి అయిపోతే రెండొచ్చి కూర్చుంటున్నాయి. తొమ్మిదిన్నరకి చూశాను, ఆరు ముందున్నాయి. పదికి చూశాను, పధ్నాలుగు ముందున్నాయి.

నా చేతిలో మౌసుంది. హక్కు ఉన్న ఇద్దరిలో నేనొకణ్ణి. రైట్ క్లిక్, మీట కుడి వైపుకి, అయిపోయేది. అర నిమిషం పని.

తోయలేదు. రూలు కోసమని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను. అసలు సంగతి వేరే. ఆ సీనియర్ నా వెనక సీట్లోనే ఉన్నాడు. బావమరిది షాపుకి కుదర్లేదు గానీ తన సాయిబుల వార్తకి కుదిరిందే అంటాడేమోనని భయం. ఆయన అనేవాడో లేదో నాకు తెలియదు. పాపం, ఆయన మంచివాడే, తర్వాతెప్పుడో నా పెళ్ళికి బిర్యానీ తిని రెండు ప్లేట్లు మెచ్చుకున్నాడు. కానీ ఆ రాత్రి ఆయన అనని మాటకి నేను భయపడ్డాను. పక్షపాతం లేనివాణ్ణని చూపించుకోవడానికి నా ఉస్తాద్‌ని ఖతార్ చివర నిలబెట్టాను.

పదిన్నరకి మా పేజీ వెళ్ళిపోయింది. ప్రూఫ్ చూడని వార్త వెయ్యరు. ఆ నాలుగు లైన్ల చోట పత్రికకి చందా కట్టమని మా సొంత ప్రకటన పెట్టారు. పన్నెండున్నరకి, అంకెలన్నీ అయిపోయాక, ప్రింటర్ తీరిగ్గా నా కాగితం బయటికి తోసింది. వెచ్చగా ఉంది.

జియారత్‌కి వెళ్ళాను. మస్జిద్‌లో మూడు సఫ్‌లు కూడా నిండలేదు. వాళ్ళబ్బాయి "రాలేదు గదా భాయ్, పర్లేదు, మీకు ఎన్ని పనులో" అన్నాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది. తిట్టడానికి నెలన్నర తర్వాత ఇంకొకడొచ్చాడు. వెంకటగిరిలో టైలరు, బళ్ళో నా పక్కన కూర్చునేవాడు. చెహ్లుం కూడా అయిపోయాక అతనికి తెలిసింది. "రోజూ మీ పేపరే చదువుతా కదరా, నీ పేరుందేమోనని వెతుక్కుంటా" అన్నాడు.

* * *

కంప్యూటర్ల చదువులో ఈ జబ్బుకి ఒక పేరుందని చాలా ఏళ్ళకి తెలిసింది: స్టార్వేషన్, అంటే ఆకలి చావు. చిన్న తర్జీహ్ ఉన్న పని ఎదురుచూస్తూనే ఉంటుంది, పెద్దవి వస్తూనే ఉంటాయి. ఎవరూ దాన్ని కాదనరు, చెరిపెయ్యరు. బారీ రాదు, అంతే. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠ్యపుస్తకాల్లో దీనికొక ఖిస్సా చెప్తారు, వదంతి అని వాళ్ళే అంటారు. అమెరికాలో ఎమ్‌ఐటీలో ఐబీఎమ్ 7094 అనే పెద్ద యంత్రాన్ని 1973లో ఆపేసేటప్పుడు చూస్తే, 1967లో ఎవరో ఇచ్చిన చిన్న పని ఇంకా ఖతార్‌లోనే ఉందట. ఆరేళ్ళ ఇంతెజార్. జరిగిందో లేదో గానీ నేను నమ్మేశాను. నమ్మకుండా ఉండటానికి నా దగ్గర కారణం లేదు.

దానికి మందు కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఏజింగ్ అంటారు. ఎదురుచూసిన కొద్దీ ఆ పని తర్జీహ్ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడం. అడుగున పుట్టింది కూడా ఒకనాటికి తొంభై తొమ్మిదిని దాటుతుంది. సిఫారసు అక్కర్లేదు, ఎదురుచూపే దాని సిఫారసు.

ఇది చదివి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకంటే దీన్ని నేను మూడో తరగతిలోనే చూశాను.

మా బడికంతా ఒకటే ఫీరోజుల్ లుగాత్ ఉండేది. ఉస్తాద్ సొంతది, అట్ట ఊడిపోతే పాత లుంగీ గుడ్డతో అంటించింది. కష్టమైన మాటకి అర్థం వెతకాలంటే ఆ లావు పుస్తకం కోసం నలభై మందిమి. రోజుకి పది మందికన్నా చేతికి అందేది కాదు. గట్టివాళ్ళు లాక్కునేవాళ్ళు, నాలాంటివాళ్ళం గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళం. ఉస్తాద్ ఒక తఖ్తీ మీద మా పేర్లు రాసి గోడకి తగిలించారు. ఆ రోజు లుగాత్ దొరకని వాడి పేరు పక్కన సుద్దముక్కతో ఒక గీత. మర్నాడూ దొరక్కపోతే ఇంకో గీత. మూడు గీతలున్నవాడు వచ్చాడంటే క్లాస్ లీడరైనా, సర్పంచ్ మనవడైనా పుస్తకం ఇచ్చి పక్కకి జరగాల్సిందే. అడగక్కర్లేదు. అడగడం చేతకాని పిల్లల కోసమే ఆ గీతలు పెట్టారని ఇప్పుడనిపిస్తుంది. నాకు ఎప్పుడూ మూడు గీతలుండేవి.

ఆ మనిషి కబురుని నేను ఒక్క గీతకి కూడా నోచుకోని ఖతార్‌లో పెట్టాను.

మద్రాసులో 'ది ముసల్మాన్' అని 1927 నుంచి వస్తున్న ఉర్దూ పేపర్ ఉంది. కాతిబులు కలం సిరాతో చేత్తో రాసే పేపర్. అక్కడ మొదటి పేజీలో కొంచెం చోటు రాయకుండా వదిలేసి పెడతారని విన్నప్పుడు, ఆ సంగతి తెలిసిన కాతిబ్ ఒక్కడు మా డెస్కులో ఉంటే బాగుండేదనిపించింది. ఆఖరి నిమిషంలో వచ్చే కబురుకి ఆ ఖాలీ. మా సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఉన్నాయి, ఆ ఖాలీ తప్ప.

* * *

మా మేనల్లుడికి ఇదంతా చెప్పలేదు. ఉస్తాద్ అంటే వాడికి తెలియదు, టెన్త్ రిజల్ట్స్ పేపర్లో చూసుకునేవాళ్ళమంటే నవ్వుతాడు. ఆ మధ్యాహ్నం జనం పలచబడ్డాక సిస్టమ్ ముందు కూర్చున్నాను.

ముందు ఒకే ప్రింటర్‌కి రెండు పేర్లు పెట్టాం. "చిన్నవి", అయిదు పేజీల లోపు, తర్జీహ్ 50. "కట్టలు", అంతకన్నా పెద్దవి, తర్జీహ్ 1. కట్టలు ఏవైనా ఇరవై పేజీల ముక్కలుగా కొట్టమన్నాను. నడుస్తున్న ఫైలు ఆగదు కాబట్టి ఫైలే చిన్నదైతే సందు దొరుకుతుంది. నూట ఎనభై పేజీల వాడికి మహా అయితే అయిదు నిమిషాలు ఆలస్యం, బస్సెక్కాల్సిన పాప నిమిషం లోపే బయటపడుతుంది. మొత్తం ఫైలు చుట్టుకున్నాకే ప్రింటు మొదలుపెట్టమని ఇంకో టిక్ ఉంటుంది, అదీ పెట్టాం. నెట్ నిదానంగా ఉన్నప్పుడు ప్రింటర్‌ని పట్టుకుని కూర్చునే ఫైళ్ళ బెడద పోతుంది. ఫైళ్ళు కదిపే హక్కు కౌంటర్ సిస్టమ్‌కే ఉంచాం. ఇంతవరకు ఏ మెకానిక్ అయినా చేస్తాడు.

"మరి చిన్నవి వస్తానే ఉంటే కట్టల వాళ్ళ గతేంది మామూ?" అన్నాడు మావాడు.

వీడు నాకన్నా నయం. నేను ఈ ప్రశ్న వేసుకోలేదు.

విండోస్ తనంతట తాను గీతలు పెట్టదు. దానికి అలుపు తెలియదు, ఎవరెంతసేపు నిలబడ్డారో చూడదు. అందుకని కౌంటర్ వెనక గోడకి ఒక చిన్న నల్ల పలక కొట్టించాను. పదిహేను నిమిషాలు దాటి ఎదురుచూస్తున్నవాళ్ళ పేరు పక్కన గీత. మూడు గీతలైతే ఆ ఫైలు ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి 99 చెయ్యాలి. "వాళ్ళు అడక్కపోయినా" అన్నాను. "అడిగేవాళ్ళు ఎట్టాగూ అడుగుతార్లే" అన్నాడు వాడు.

పలక తగిలించి వెనక్కి తిరిగితే అప్పుడు కనిపించాడు ఆయన. జిరాక్స్ మిషను పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, ఒక ముసలాయన. నేను పదింటికి వచ్చినప్పుడు కూడా అక్కడే ఉన్నట్టు గుర్తు. ఎవరో మనవడికి కాపలా అనుకున్నాను.

"పెద్దాయనా, నీదేంది?" అన్నాడు మావాడు.

"1బీ కాయితం అబ్బయ్యా. పొద్దున ఇచ్చినా గదా నెంబరు. పిలకాయల పరీక్షలంటివి, సరే అవనీలే అని కూసున్నా."

మావాడు నావైపు చూశాడు. కట్టల పేరు తెరిచాను. మీభూమి నుంచి తీసిన మూడు పేజీల ఫైలు, పదీ అయిదుకి ఇచ్చింది, అడుగున అలాగే ఉంది. పేపర్ సైజు తేడా వచ్చి ఒకసారి ఆగితే, వాడే దాన్ని పక్కన పెట్టి మర్చిపోయాడు. అప్పుడు టైం రెండూ ఇరవై.

సైజు సరిచేసి, మీట కుడి కొసకి జరిపాను. మూడు కాగితాలూ వచ్చాయి. పెద్దాయన వాటిని రెండుసార్లు లెక్కపెట్టి, సర్వే నంబరు దగ్గర వేలు పెట్టి చూసుకుని, పాలిథిన్ కవర్లో దూర్చాడు.

"ఎంత అబ్బయ్యా?" అన్నాడు, బొడ్డులోంచి గుడ్డ సంచి తీస్తూ.